ముప్పై రెండో రూలు

మనిషి సంఘజీవి అని తీర్మానించిన మహానుభావుడెవరో గాని, ఆదివారం ఉదయం ఆరున్నరకు ఆరుగురు పెద్దమనుషులను ఒక వాలీబాల్ కోర్టు దగ్గరికి రప్పించే పని ఆయన జన్మలో చేసి ఉండడు. ఆ పని చేసేవారిని సెక్రటరీ అంటారు.

ఈ కథలోని సెక్రటరీగారికి కళ్లద్దాల షాపు ఉంది. వారంలో ఆరు రోజులు జనానికి చూపు సరిచేసి, ఏడో రోజు 'నలభై దాటినవారి ఆదివారం వాలీబాల్ లీగ్' నడుపుతారు. ఎనిమిది జట్లు, జట్టుకు ఆరుగురు, వెరసి నలభై ఎనిమిది మంది ఆటగాళ్లు, తొంభై ఆరు మోకాళ్లు. (వాటిలో పనిచేస్తున్నవి ఎన్నో రికార్డుల్లో ఉంది గాని, సభ్యుల గౌరవం దృష్ట్యా బయటపెట్టడం లేదు.)

లీగ్ పెట్టిన కొత్తలో ఉన్నది ఒక్కటే రూలు: రావాలి. మొదటి ఆదివారం ప్రింటింగ్ ప్రెస్సు వెనకున్న కోర్టులోకి ముగ్గురు వచ్చారు, అందులో ఒకరు దారి అడగడానికి. దాంతో, రానివారు ముందే చెప్పాలన్న రెండో రూలు పుట్టింది. చెప్పమన్నందుకు ఒక్కొక్కరు ఫోన్లో అరగంట చెప్పసాగారు కాబట్టి, రాసి పంపాలన్నది మూడో రూలైంది. అలా వెలువడిన గైర్హాజరు ఫారంలో నాలుగు గడులుంటాయి: మోకాలు, నడుం, చుట్టాలు, ఇతరములు. ఇంతవరకు 'నిద్ర' అని రాసిన సభ్యుడు లేడు.

లిఫ్టులు బాగుచేసే సభ్యుడొకాయన, అంటే సెక్రటరీగారి సొంత బామ్మర్దే, వరుసగా తొమ్మిది ఆదివారాలు 'చుట్టాలు' గడిలో 'అత్తగారు వచ్చారు' అని రాశాడు. విచారణ సంఘం కూర్చుని, ఒక సీజన్‌లో ఏ సభ్యుడి అత్తగారైనా నాలుగుసార్లకు మించి రాకూడదనీ, వస్తే ఆవిడను కోర్టు దగ్గర హాజరుపరచాలనీ తీర్పిచ్చింది. (హాజరుపరిచాడు. ఆవిడ కుర్చీలో కూర్చునే రెండు బంతులు ఆపారు. వచ్చే సీజన్‌కు ఆవిడ పేరు పరిశీలనలో ఉంది.)

రూళ్లు ముప్పై ఒకటయ్యాయి. వాటిలో సెక్రటరీగారు ముచ్చటపడి రాసుకున్నది ఇరవై ఏడోది. ఏ జట్టులోనైనా ఖాళీ వస్తే నిరీక్షణ జాబితా ప్రకారం వరసగా పిలవాలి, గత సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడనివారు జాబితా చివరికి పోవాలి. పక్షపాతం లేని రూలు. మూడు సీజన్లుగా విజిలూ రిజిస్టరూ మోయడం తప్ప బంతి ముట్టని సెక్రటరీగారు ఆ రూలు ప్రకారమే పద్నాలుగో స్థానంలో ఉన్నారు.

అయినా ప్రతి ఆదివారం సంచిలో బూట్లు పెట్టుకునేవారు.

"ఆటకి వెళ్తున్నారా, రిజిస్ట్రారాఫీసుకా?" అని భార్య అడిగేది, స్టాంపు ప్యాడు కేసి చూస్తూ.

"బూట్లు పెట్టుకున్నానుగా."

"మూడేళ్ల నుంచీ పెట్టుకుంటూనే ఉన్నారు. అడుగున స్టిక్కరు కూడా ఊడలేదు."

ఆయన సంచి భుజాన వేసుకుని బయల్దేరేవారు. ఆయనకు కప్పు వద్దు, సన్మానం వద్దు. తను పెట్టిన లీగ్‌లో మళ్లీ ఒక్క మ్యాచ్ ఆడాలని ఉంది. ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడి, ఎవరికీ చెప్పలేదు.

సెమీఫైనల్ ఆదివారం వచ్చింది. బామ్మర్ది జట్టుకూ, బేకరీ యజమాని జట్టుకూ పోటీ. ఆరూ ఇరవైకి బామ్మర్ది జట్టులోని పళ్ల డాక్టరు ఫోన్లో ఫారం పంపాడు. మంచం మీంచి లేస్తుంటే నడుం పట్టేసిందట. 'నడుం' గడి ఉండగా 'ఇతరములు'లో రాశాడు కాబట్టి సెక్రటరీగారు దాన్ని సరిచేయమని తిప్పి పంపారు. అది సరై వచ్చేసరికి ఆరూ ముప్పై ఐదు. ఏడు లోపల ఆరో మనిషి దొరక్కపోతే జట్టు ఓడినట్టే.

సెక్రటరీగారు జాబితా తెరిచి ఫోన్లు మొదలుపెట్టారు. ఒకటో ఆయన మోకాలన్నాడు. రెండో ఆయన, మొదటి ఆయన ఏమన్నాడో కనుక్కుని, తనకూ మోకాలే అన్నాడు. ఐదో ఆయన, జాబితాలో రెండేళ్లుగా ఉండి, అసలీ కోర్టు ఎక్కడన్నాడు. తొమ్మిదో మనిషి ఫోనెత్తలేదు. (ఈ కథ చెబుతున్నవాడే. నిద్రపోవడం లేదు, మోగుతున్న ఫోన్ కేసి చూస్తూ పడుకున్నాడు.) పదమూడో ఆయన ఆశ్చర్యపోయి, "ఇది చదరంగం లీగ్ కాదాండీ?" అన్నాడు.

పద్నాలుగో పేరు వచ్చింది. సెక్రటరీగారు నిబంధన ప్రకారం తన నంబరుకు తనే ఫోన్ చేశారు. ఎంగేజ్ వచ్చింది. మళ్లీ ప్రయత్నించకుండా సమ్మతి నమోదు చేసుకుని, బెంచీ మీద కూర్చుని సంచిలోంచి బూట్లు తీశారు. అంత సంతోషం ఆయనకు షాపు తెరిచిన రోజు కూడా కలగలేదు.

"సెక్రటరీగారు ఆడితే మాకే అభ్యంతరమూ లేదండీ," అన్నాడు బేకరీ యజమాని, ఎవరూ అడక్కముందే. "కావాలంటే సంతకం పెట్టిస్తాను." అతని జట్టంతా తలూపింది. (మొదటి సీజన్‌లో ఆయన పదకొండు సర్వీసులు చేశారు. నాలుగు ప్రెస్సు కిటికీలోకి వెళ్లాయి, ఒకటి సొంత కెప్టెన్ నెత్తిన పడింది. ఆ మరుసటి వారమే ఆయన్ను సెక్రటరీగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. చేతిరాత బాగుందని ఎన్నుకున్నారనే ఆయన నమ్మకం.)

బామ్మర్ది తన నలుగురి మొహాలూ చూశాడు. వాళ్లు నేలచూపులు చూశారు. అతను వచ్చి బెంచీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, ఒక్క మాట."

"చెప్పు. ముందు ఆడమంటావా, వెనకా?"

"అది కాదు. ఐదుగురితో కూడా ఆడొచ్చని ఒక రూలు రాయగలవా?"

"ఎందుకురా? ఆరుగురం ఉన్నాంగా."

"సెమీఫైనల్ బావా ఇది," అన్నాడు బామ్మర్ది మెల్లగా.

అప్పటికి ఒక బూటు లేసు కట్టడం అయింది. కుదరదు అనడానికి సెక్రటరీగారికి సర్వాధికారాలూ ఉన్నాయి. కానీ అటు ప్రెస్సు కిటికీల వైపు ఒకసారి చూసి, తనే బామ్మర్ది అయితే ఏం చేసేవాడినా అని ఆలోచించి, నవ్వొచ్చి, నవ్వలేక, రిజిస్టరు తీశారు.

'రూలు 32: అనివార్య పరిస్థితుల్లో జట్టు ఐదుగురితో ఆడవచ్చును.' అనివార్య పరిస్థితి ఏమిటో రాయాల్సిన చోట, 'సెక్రటరీ అందుబాటులో ఉండుట' అని గుండ్రటి అక్షరాలతో రాసి, స్టాంపు వేసి, పైకి చదివి, విజిల్ ఊదారు. ఐదుగురూ గెలిచారు.

లీగ్‌లో ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అన్ని రూళ్లకూ సవరణలు వచ్చాయి. ముప్పై రెండోదానికి ఇంతవరకు ఒక్కరూ కోరలేదు.