తెల్లాయన లాండ్రీలో బీట్‌రూట్

ఆ పొద్దున తెల్లాయన పెట్టుకున్న పని చాలా మామూలుది. ఆసుపత్రి డాక్టర్ల కోట్లు ఉతకాలి, నీలిమందు పెట్టాలి, ఆరబెట్టి ఇస్త్రీ చేసి మధ్యాహ్నంలోగా అప్పగించాలి. అంతే. వీధి వీధంతా ఆయన్ని తెల్లాయన అనేది ఒంటి రంగు చూసి కాదు, ఆయన లాండ్రీలో తెల్లబట్ట తప్ప మరొకటి అడుగు పెట్టదు కనుక. ఎవరైనా రంగు చొక్కా పట్టుకుని గుమ్మమెక్కితే పాముని చూసినట్టు చూసి పక్కవీధికి పంపేస్తాడు.

అయినా ఆవేళ ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆసుపత్రి పెద్ద నర్సమ్మ ముందురోజే మొహమాటం లేకుండా చెప్పేసింది. "కిందటిసారి కాలర్ మీద మరక ఉంది. ఈసారి కూడా కనిపించిందా, పని మెషిన్లతో ఉతికే కంపెనీకి ఇచ్చేస్తాం. రేపు ఆహార శిబిరం. డాక్టర్లందరూ జనం ముందు నిలబడాలి." ఆ లాండ్రీకి ఆసుపత్రి పనే అన్నం. అది పోతే తలుపులు మూసుకోవడమే.

ఇక ఆయన భార్య సంగతి వేరు. ఆవిడ కొన్నాళ్ళ కిందట బట్టలు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళి, ఆహారం సంగతులు చెప్పే డాక్టరమ్మ మాటలు విని వచ్చింది. అప్పటినుంచి వంటింట్లో బీట్‌రూట్, పాలకూర, టమాటా, క్యారెట్, నల్లద్రాక్ష, దానిమ్మ. ఆయన పళ్ళెంలో తెల్లగా కనిపించేది ఉప్పొక్కటే అయింది.

"ఇనుముకి తుప్పు పట్టినట్టు మన ఒంటికీ లోపల పడుతుందటండీ. ఈ రంగు కాయల్లో, పళ్ళలో యాంటీఆక్సిడెంట్లని ఉంటాయట. అవి దాన్ని అడ్డుకుంటాయట. గుండెకి మంచిది, కళ్ళకి మంచిది."

"తుప్పు పట్టడానికి నేనేమన్నా ఇస్త్రీపెట్టెనా? రంగంటే మరకే! లాండ్రీలో కనిపించిందంటే కాలవలో పారబోస్తాను."

వద్దన్న కొద్దీ చెయ్యాలనిపించడం మనిషి గుణం. ఆవిడ బీట్‌రూట్, నల్లద్రాక్ష కలిపి చిక్కగా రసం తీసి, ఖాళీ నీలిమందు సీసాలో పోసి, నీలిమందు సీసాల మధ్యనే పెట్టుకుంది. పని మధ్యలో ఓ గుక్క, మళ్ళీ ఓ గుక్క. దొంగకి పోలీసు స్టేషన్ కన్నా భద్రమైన చోటు ఏముంటుంది?

తెల్లాయన నీలిమందు కలిపేటప్పుడు సీసా వంక చూడడు. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యే వెతికి తెచ్చుకుంటుంది. ఆవేళ కళ్ళు వీధిలో ఆసుపత్రి వ్యాను వస్తోందేమోనని గుమ్మం మీదున్నాయి. చెయ్యి అల్మరాలోకి వెళ్ళింది, సీసా తీసింది, తొట్టిలోకి గుబగుబా వంపేసింది. ద్రాక్ష వాసన వచ్చిన మాట నిజమే. కాని ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ వస్తున్న వాసన అదే కదా, పట్టించుకోలేదు. కర్రతో నాలుగుసార్లు తిప్పి కిందికి చూశాడు.

"ఏమేవ్!"

ఆ కేకకి భార్యా, ఇస్త్రీ బల్ల దగ్గరున్న ఆయన అక్కగారూ పరుగెత్తుకొచ్చారు. తొట్టినిండా గులాబీరంగు కోట్లు.

"నా రసం!" అంది ఆవిడ. నోరు జారింది.

"నీ రసమా? నా కొంప!" అన్నాడాయన.

"ఒరే తమ్ముడూ, కేకలేస్తే రంగు పోదు. నిమ్మకాయ పిండు, పోతుంది" అంది అక్కగారు.

"నువ్వూరుకో అక్కా, సోడా వేస్తే పోతుంది."

"నీ సోడా సంగతి తెలుసులే. నాన్న పంచె చిల్లులు పడింది ఎవరి సోడాకి?"

అక్కాతమ్ముళ్ళ వాదం ఎక్కడ తెగుతుంది? చెరిసగం కోట్లు పంచుకున్నారు. నిమ్మరసం తగిలిన కోట్లు ఇంకా నిగనిగలాడుతూ గులాబీపువ్వులయ్యాయి. సోడా పడినవి ఎర్రదనం వదిలి పసుపు పచ్చగా తిరిగాయి. తెల్లాయన తొట్టి గట్టుమీద కూలబడిపోయాడు.

"గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే" అంది భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అక్కగారు మాత్రం కోట్లన్నీ వేడిగాలి గదిలో వేసి, ఆరీ ఆరకుండానే ఇస్త్రీ చేసి మూట కట్టేసింది. "రంగెలాగూ పోలేదు, ముడతలైనా పోనీ" అంటూ.

అప్పుడే వ్యాను వచ్చేసింది. డ్రైవరు లోపలికి దూసుకొచ్చాడు. "తెల్లాయనా, మూటేది? జనం వచ్చేస్తున్నారు, నర్సమ్మ నన్ను తినేస్తోంది!"

"బాబూ, ఒక్క మాట..."

"మాటలు తర్వాత!" అని మూట భుజానేసుకుని వెళ్ళిపోయాడు. తెల్లాయన వ్యాను వెనక వీధి చివరిదాకా పరుగెత్తి, దుమ్ము తిని తిరిగొచ్చాడు.

ఇక ఆ మధ్యాహ్నం ఎవరికీ ముద్ద దిగలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడ్డారు, మోగకపోతే మరీ భయపడ్డారు. సాయంత్రానికి పెద్ద నర్సమ్మ స్వయంగా గుమ్మమెక్కింది.

"ఎవరు చేశారిది?"

"నేనేనమ్మా, రసం నాదే" అంది భార్య.

"దానికేం తెలీదు. పోసింది నా చెయ్యి" అన్నాడు తెల్లాయన, ఆవిడకి అడ్డంగా నిలబడి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తప్పు తనదని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. భార్య ఆసుపత్రి సంగతి మరిచిపోయి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

నర్సమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మూట విప్పగానే నాకు ప్రాణం పోయింది. వేరే కోట్లు లేవు, అవే తొడిగాం. ఏటా మా శిబిరానికి వచ్చేది మా ఆయాలే. ఇవాళ ఈ రంగులేంటని వీధంతా లోపలికొచ్చేసింది. డాక్టరమ్మ ఊరుకుంటుందా? గులాబీ కోటు డాక్టర్ని చూపించి బీట్‌రూట్ అంది, పసుపు కోటాయన్ని చూపించి గుమ్మడికాయ అంది. పిల్లలు కూడా కదలకుండా విన్నారు. ఇక నెలనెలా శిబిరం పెడతాం. కోట్లు మీరే చూడాలి. ఇవే రంగులు, ఇలాగే ఉండాలి."

తెల్లాయన రెండు చేతులా దణ్ణం పెట్టాడు. అక్కగారు నిమ్మకాయ తనదేనని నర్సమ్మకి రెండుసార్లు చెప్పింది.

వారం తిరిగేసరికి కోట్లు ఉతుక్కి వచ్చాయి. బీట్‌రూట్ రంగు వేణ్ణీళ్ళలో ఒక్క ముంచుకే వెలిసిపోయి కోట్లన్నీ తెల్లగా పైకి తేలేసరికి, తెల్లాయన నెత్తిన చెయ్యి పెట్టుకుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, మరక పోయిందని ఏడ్చాడు.