పుట్టగొడుగుల రాకుమారి రీలు

ఆ ఉదయం ఎక్‌హార్ట్ పథకం చిన్నదే. కాఫీ తాగి, నేలమాళిగలోకి దిగి, 'పుట్టగొడుగుల రాకుమారి' రీలును ఒకసారి తుడిచి పెట్టుకోవాలి. పిల్లల కథల్ని పెద్దలకు మాత్రమే అన్నట్టుగా తీసిన పాత సినిమాలంటే కాసెల్ ఊళ్ళో ఎక్‌హార్ట్‌తో కలిపి వాటిని సేకరించే మా నలుగురికీ ప్రాణం. మేం చూసేది కెమెరా పనితనమని చెప్పుకుంటాం. ఎవరూ నమ్మరు, మాకూ నమ్మకం అంతంత మాత్రమే. ఆ రాకుమారి ప్రతి మాత్రం లోకంలో ఇదొక్కటే, అందులో నటించిందెవరో ఎవరికీ తెలియదు. భార్య కంటపడకుండా ఎక్‌హార్ట్ దాన్ని 'కొండల్లో శరత్కాలం' అని రాసిన డబ్బాలో దాచాడు.

దిగి చూస్తే ఆ డబ్బా ఉండాల్సిన అర ఖాళీ.

"ఆ కొండల డబ్బానా? పాత కప్పులతోపాటు, 'ఉచితం, తీసుకెళ్ళండి' అని రాసి వాకిట్లో పెట్టేశా," అంది భార్య హైద్రున్. "పాస్టరమ్మ పట్టుకెళ్ళింది. ఇవాళ చర్చిలో ముసలివాళ్ళ కాఫీ సభలో వేస్తుందట."

ఎక్‌హార్ట్ ఇంటి చెప్పులతోనే పరిగెత్తాడు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే రీలు పోతుంది. చర్చి హాల్లో అప్పటికే తెరలు దించేశారు.

"పాస్టరమ్మా, అది వెయ్యకండి. పాతకాలం ఫిల్ము, భగ్గుమంటుంది," అన్నాడు.

ఈ అబద్ధానికి తనను తానే మెచ్చుకునేలోపు పాస్టరమ్మ అందర్నీ బయటికి నడిపించి, ఫైరింజన్‌ను పిలిచేసింది.

"ఏ రకం ఫిల్మో చూడకుండా వెళ్ళడానికి లేదు," అంటూ అగ్నిమాపక దళనాయకుడు మూరెడు లాగి ఎండకు పట్టాడు. చూశాడు. పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. "మండే రకం కాదండి," అన్నాడు గొంతు సవరించుకుని. "అయినా ఇంకాస్త పరీక్షించాలి."

ముసలివాళ్ళు కళ్ళజోళ్ళు తుడుచుకుని వరసలో నిలబడ్డారు.

"ఇది మీదా ఎక్‌హార్ట్ గారూ?" అంది పాస్టరమ్మ.

"పరిశోధన కోసం..." అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

చర్చికి వారం వారం రేగుపళ్ళ కేకు తెచ్చే రోస్వితమ్మ వంతు వచ్చింది. "అరే, ఇది నేనే," అందావిడ. "ఆ కిరీటం అట్టది. ఒకటే దురద."

ఇరవై ఏళ్ళుగా తాను వెతుకుతున్న రాకుమారి ఇన్నాళ్ళూ తన పళ్ళెంలో కేకు వడ్డిస్తోందని తెలిసి ఎక్‌హార్ట్‌కు ఏడుపొచ్చింది. రీలు కోసం చెయ్యి చాచాడు.

"వాకిట్లో ఉచితమని పెట్టింది మీరేగా? ఇక ఇది నాది," అని ఆవిడ దాన్ని కేకు బుట్టలో వేసుకుంది. మా ఊళ్ళో ఉచితమని పెట్టింది ఎవరి చేతికి చిక్కితే వాళ్ళదే.

"ఒక్కసారి చూడనివ్వండమ్మా."

"పై వారం ఇక్కడే వేస్తాను. అందరితోపాటు రండి."

పై వారం కుర్చీలు చాలక ఫైర్ స్టేషన్ నుంచి తెప్పించారు. ఎక్‌హార్ట్‌కు స్తంభం వెనక చోటు దొరికింది.