చెట్ల పాల సారు

పాలిచ్చే హక్కు బర్రెలకు ఎవరిచ్చారు? ఈ ప్రశ్న అడిగే ధైర్యం ఇన్నేళ్లలో ఎవరికీ కలగలేదు. నాకు కలిగింది. డాక్టర్ నా కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూసిన రోజున కలిగింది!

ఆనాటి నుంచి మహబూబాబాద్‌లో మా ఇంట పొద్దున్నే ఓట్స్ జావ. అదీ బాదం పాలతో. ఇది శిక్ష అని కొందరు జాలిపడుతున్నారు. పొరపాటు! ఇది వరం. ముప్పై ఏళ్లుగా వారం వారం థ్రిల్లర్ సీరియళ్లు రాస్తున్నవాడిగా చెబుతున్నాను, ఒక గిన్నెలో ఇంత సస్పెన్స్ నేనెప్పుడూ చూడలేదు.

బర్రె పాలలో ఏముంది? కాగుతాయి, పొంగుతాయి. ముగింపు ముందే తెలిసిన కథ. బాదం పాలు అలా కాదే! మంట కాస్త ఎక్కువైందా, విరిగిపోయి నీళ్లు ఒక పక్కకు, పిండి ఒక పక్కకు వెళ్లిపోతాయి. సోయా పాలు ఎంత కాచినా పచ్చి గింజల వాసన ముసుగు జారిన హంతకుడిలా బయటపడుతుంది. కొబ్బరి పాలు పోస్తే జావ పాయసం వేషం కడుతుంది. చెంచా నోట్లో పెట్టుకున్నాక గానీ చక్కెర లేదని తెలియదు. నమ్మకద్రోహం!

ఇక ఓట్స్ పాలని మరొకటి ఉంది. అంటే ఓట్స్‌ని ఓట్స్ పాలలోనే ఉడికించడం! అదీ చేసి చూశాను. గరిటె నిలబడింది. నేను కూర్చున్నాను.

మా ఆవిడ సుభాషిణి కిరాణా కొట్టున్న ఇంట్లో పుట్టింది. మూడు చెంచాల ఓట్స్, గ్లాసు పాలు, సన్నటి సెగ, ఆపకుండా గరిటె. తూకంలో తేడా రాదు. అడుగు తగలదు. నాలుకకూ ఏమీ తగలదు.

లాభాలు ఒకటా రెండా? చాయ్ పీడ వదిలింది. బాదం పాలతో ఒక్కసారి పెట్టించుకుని తాగాను. ఆ తర్వాత చాయే నన్ను మానేసింది. మనసు ఎంత ప్రశాంతంగా ఉందంటే, నా సీరియల్లో మిర్చి యార్డులో శవం దొరికి మూడు వారాలైనా ఇన్‌స్పెక్టర్ దాని పక్కనే నిలబడి ఉన్నాడు. అడుగు కదపడం లేదు. "నాలుగో వారం కూడా నిలబడితే సీరియల్ ఆపేద్దామండీ," అని ఎడిటర్ ఫోన్ చేశాడు. ఆయన బర్రె పాలు తాగుతాడు. తొందరెక్కువ.

ఈ సుఖానికి ముందు ఒక చిన్న చిక్కు వచ్చింది. పన్నెండేళ్లుగా తండా నుంచి మాకు రోజూ వాడికగా పాలు తెచ్చిపోసే నీలికి, ఇక వద్దని చెప్పాలి. 'ప్లాంట్ బేస్డ్' అంటే ఏం అర్థమవుతుందని అచ్చ తెలుగులో చెప్పాను.

"నీలీ, ఇయ్యాల్టి సంది పాలు వద్దు. నేను చెట్ల పాలు తాగుతున్న."

నీలి క్యాను కింద పెట్టేసింది. "చెట్ల పాలా? జిల్లేడు పాలా సారూ?"

పాఠకుల ఊహకు కొంత వదిలేయడం నాకు అలవాటు. నవ్వి ఊరుకున్నాను. జిల్లేడు పాలు విషమని అందరికీ తెలుసు. నా సీరియళ్లలోనే ముగ్గుర్ని వాటితో చంపాను!

నీలి ఫోన్ చేసినట్టుంది, గంటలోపే ఆమె భర్త బాల్‌సింగ్ ఇద్దరు తండా పెద్దమనుషుల్ని ఆటోలో వేసుకుని దిగాడు.

"సారూ, పానం తీసుకునేటంత కష్టమేమొచ్చింది? అక్కతోని లొల్లా? మేం లేమా? కూసొని మాట్లాడుదాం."

ఈలోగా వంటింట్లో నీలి సుభాషిణి చేతులు పట్టుకుంది. "అక్కా, సారును ఒక్కన్ని ఇడ్వకు!"

డబ్బా తెచ్చి చూపించాను. బాల్‌సింగ్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "బాదం గింజకు పొదుగు యాడుంటది సారూ?"

ఒక చెంచా జావ పెట్టాను. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"గిది మేం ఇంట్ల ఉడకేసుకునే మక్క గట్కనే సారూ. కాకుంటె జరమొచ్చిన గట్క."

పెద్దమనుషులు నవ్వారు. నేనూ నవ్వాను. నీలి నవ్వలేదు. నిండు క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నీలి రోజూ మా గుమ్మంలో ఐదు నిమిషాలుండేది. పాలు పోయడానికి అర నిమిషం చాలు. మిగతాదంతా ముచ్చట. జఫర్‌గఢ్ సంబంధం ఎందుకు తప్పింది, ఎవరి మోటరు ఎవరి బావిలో తేలింది! ఒకసారి, "భూపాలపల్లికి పోతున్ననని ఇంట్ల చెప్పి రైలెక్కిండు సారూ. ఆడికి రైలేడిది?" అంది. ఆ ఒక్క మాట మీద ఇరవై రెండు వారాలు నడిపాను. నా అపూర్వ మేధస్సును మెచ్చుకుంటూ మీరు ఉత్తరాలు కూడా రాశారు.

మరి నీలి రాకముందు రాసినవో? అప్పుడు వాళ్ల అత్త పోసేది.

బాదం పాల డబ్బా మీద కొలెస్ట్రాల్ లేదు, లాక్టోజ్ లేదు, చక్కెర లేదు అని పెద్ద అక్షరాలతో వేశారు. ముచ్చట లేదని మాత్రం ఎక్కడా వేయలేదు!

నిన్న పొద్దున గేటు దగ్గర కాపు కాశాను. నీలి ఎదురింటికి పాలు పోసి వస్తోంది.

"నీలీ, జర ఆగు. తండాల ఏం ముచ్చట?"

"మస్తున్నయి సారూ." క్యాను చెయ్యి మార్చుకుంది. "పాలు పోసే వాడికిండ్లల్ల చెప్పెటందుకే టైం సాల్తలేదు. మీరు గా బాదం పాల డబ్బనడుగుండ్రి."

లోపలికి వచ్చాను. సుభాషిణి అటు తిరిగి ఉన్నప్పుడు డబ్బా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

బుడబుడమంది. అంతే.