మాస్టరు చేతి వణుకు

అసలు ఎత్తిన చేతిని దించడానికి మనిషికి కారణం ఎందుకు కావాలి అని కటింగ్ మాస్టరు ఆలోచిస్తున్నాడు. ఎత్తినప్పుడు ఎవరూ ఏమీ అడగరు. మధ్యలో ఆపితేనే అడుగుతారు. అందులోనూ ఆ చేతిలో మూరెడు తోట కత్తెర ఉండి, అది మందార పొద ముందు నోరు తెరుచుకుని నిలిచిపోయి, వంటింటి కిటికీలోంచి భార్య చూస్తూ ఉంటే, ఏదో ఒకటి చెప్పక తప్పదు.

ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. గేటు పక్క మందారం దారి మీదికి పెరిగిపోయి వచ్చేపోయేవాళ్ళ చొక్కాలు పట్టుకుంటోంది. పోస్ట్‌మ్యాన్ లోపలికి రావడం మానేసి ఉత్తరాలు పొద మీదినుంచి విసురుతున్నాడు. నెల రోజులుగా భార్య పోరు పెడుతోంది. ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించి, స్నానం చేసి పేపరు చదువుకోవాలి. కత్తిరించడం అతనికి కొత్త కాదు. ఇరవై ఆరేళ్ళుగా దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించడమే పని. సుద్దతో గీత గీశాక ఇక ఆలోచించకూడదన్నది అతని సూత్రం. ఆలోచించేవాళ్ళు మిషను ముందు కూర్చోవాలని కుట్టుపనివాళ్ళని దెప్పుతూ ఉండేవాడు కూడా.

ఆ ఉదయం కత్తెర నోటికి ఎదురుగా ఒక కుట్టు కనబడింది. రెండు మందారం ఆకులు అంచుకు అంచు కలిపి సంచిలా కుట్టి ఉన్నాయి. సాలెగూటి పోగూ దూది పీచూ కలిసిన దారం. ఆకు అవతలి వైపు ప్రతి పోగుకీ చిన్న ఉండ, జారిపోకుండా. సంచిలో బొటనవేలంత పిట్ట, తోక నిక్కించుకుని కూర్చుని, ఒక కంటితో అతన్ని చూస్తోంది. ఎగిరిపోలేదు. ఎవరి కుట్టునీ ఏనాడూ మెచ్చుకోని మాస్టరు ఆ కుట్టుని చివరిదాకా చూశాడు. తప్పు దొరకలేదు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఏమైందండీ, అలా నిలబడిపోయారు?" అని భార్య కిటికీలోంచి అడిగింది.

గూడు ఉందని చెప్పేస్తే అక్కడితో పోయేది. కానీ అతని నోటికి బావమరిది అడ్డం పడ్డాడు. కిందటి వానాకాలం ఆ బావమరిది స్కూటరు సీటు కింద ఒక ఉడుత పిల్లల్ని పెడితే, ఆ మహానుభావుడు పందొమ్మిది రోజులు బస్సులో తిరిగాడు. మాస్టరు అతనికి 'ఉడుతల నాన్న' అని పేరు పెట్టాడు. ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. ఇప్పుడు కూడా ఫోనులో ఎవరైనా "ఉడుతల నాన్న ఎలా ఉన్నాడు?" అనే అడుగుతారు. పిట్ట కోసం కత్తెర దించానని ఇప్పుడు తను ఒప్పుకుంటే, వడ్డీతో సహా తిరిగి వచ్చే పేరు ఏమిటో మాస్టరు ఊహించగలడు.

"ఏం లేదు. చెయ్యి కాస్త వణుకుతోంది" అన్నాడు.

అబద్ధం ఆడినట్టు కూడా అనిపించలేదు. చెయ్యి ఆగిపోయిన మాట నిజమే కదా, ఆగడానికీ వణకడానికీ పెద్ద తేడా ఏముంది అనుకున్నాడు.

తేడా భార్య చూపించింది. అయిదు నిమిషాల్లో అతను కుర్చీలో ఉన్నాడు, ముంజేతికి తైలం పట్టించి ఉంది, మణికట్టు నుంచి మోచేతి దాకా క్రేప్ బ్యాండేజీ చుట్టి ఉంది. పదో నిమిషానికి ఆమె తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు తన భార్యకి చెప్పాడు. ఆ భార్య మర్నాడు పొద్దున్నే కొత్త జాకెట్టు కోసం దుకాణానికి వెళ్ళి, జాకెట్టు సంగతి పక్కన పెట్టి, ఇంత మంచి చేతికి ఇలాంటిది రావడం ఏమిటని దుకాణం యజమానురాలి దగ్గర బాధపడింది.

అందుచేత సోమవారం మాస్టరు దుకాణంలో అడుగుపెట్టేసరికి, అతను కత్తిరించే బల్ల మీద అతని కత్తెర లేదు.

యజమానురాలు మంచిది. మంచివాళ్ళతోనే చిక్కు, వాళ్ళతో పోట్లాడలేం. ఆమె అతన్ని కూర్చోబెట్టి, ఒక హోటలు వాళ్ళ సూట్ల పని ఒప్పుకున్నామని, ముప్పై రెండు సూట్లని, ఆ నీలం ఉన్ని గుడ్డ మిల్లులో నేయడం ఆపేశారని నెమ్మదిగా చెప్పింది. తెచ్చింది సరిగ్గా సరిపోతుంది, ఒక్క తప్పు కోత పడినా మళ్ళీ దొరకదు. వారం విశ్రాంతి తీసుకోమంది. వచ్చే సోమవారానికి చెయ్యి కుదురుకుంటే సరే, లేకపోతే ఎదురు వీధి మాస్టరుతో మాట్లాడక తప్పదంది. ఒకసారి ఎదురు వీధి మాస్టరు ఆ బల్ల ముందు నిలబడితే మళ్ళీ పక్కకు జరగడని ఆమెకూ తెలుసు, ఇతనికీ తెలుసు. వణుకు ఉత్తుత్తిదేనని చెప్పాలని మాస్టరు నోరు తెరిచాడు. మరి ఎందుకు చెప్పారు అని అడుగుతుందేమోనని మూసుకున్నాడు.

మంగళవారం భార్య డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు అతని చేతిని చాచమని, వేళ్ళ మీద ఒక పల్చని కాగితం పెట్టి చూశాడు. కాగితం రెపరెపలాడింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్న సంగతి మాస్టరుకి ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. కానీ అప్పటికే ఆ రెపరెప అతని కళ్ళలో పడిపోయింది. ఇంట్లో ఏవైనా చికాకులున్నాయా అని డాక్టరు అడిగితే, భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లేవన్నారు. పెద్ద జబ్బేమీ కాదని, చేతి గురించి ఆలోచించడం మానెయ్యమని డాక్టరు సలహా ఇచ్చాడు.

అప్పటినుంచి అతను మరో ఆలోచన చెయ్యలేదు.

ఇరవై ఆరేళ్ళు ఆ చెయ్యి తన పని తను చేసుకుపోయింది. అతను దానివైపు ఎన్నడూ చూసి ఎరగడు. ఇప్పుడు అందరూ దాన్నే చూస్తున్నారు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే భార్య ఊపిరి బిగబడుతుంది. చొక్కా బొత్తాలు ఆమే పెడుతోంది. వంటింట్లో కత్తిపీట ఎక్కడ దాచిందో ఆమెకే దొరకడం లేదు. అందరూ చూస్తూ ఉంటే అతనూ చూశాడు. ఆ చెయ్యి తనది కానట్టు, ఎవరో చుట్టాలబ్బాయి వచ్చి తన ఒళ్ళో కూర్చున్నట్టు అనిపించింది. చూసేకొద్దీ దాని నడవడి మీద అనుమానం పెరిగింది. గురువారం మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని, సుద్దతో పాత దుప్పటి మీద గీత గీసి, ఇంట్లో ఉన్న కత్తెరతో కత్తిరించి చూశాడు. గీత ఒకచోట ఉంది, కోత ఇంకొకచోట ఉంది. కత్తెర మొన నేల మీద టకటకమంది. ఈసారి గదిలో ఫ్యాను తిరగడం లేదు.

అతను మంచం మీద కూర్చుని చాలాసేపు నవ్వడానికి ప్రయత్నించాడు. తను నాటిన అబద్ధమే. మొలకెత్తుతుందని అనుకోలేదు.

చెయ్యి సంగతి మరిచిపోయే చోటు ఒక్కటే ఉంది. తెల్లారగానే మందారం దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. బుధవారం గుడ్లు పగిలాయి. మూడు పిల్లలు, ఒంటి మీద ఈక లేదు, ఉన్నదంతా నోరే. తల్లీ తండ్రీ పురుగులు మోసుకొస్తూ, అతన్ని మొదట తిట్టి, తరువాత గేటు ఊచల్లో ఒక ఊచగా లెక్కేసుకుని మానేశాయి. మాస్టరు వాటితో గొంతు తగ్గించి రెండు మాటలు మాట్లాడేవాడు. కుట్టు బాగా వచ్చిందనీ, పైఅంచు కొంచెం వదులుగా ఉందనీ, అలాంటివి.

భార్య ఇది కిటికీలోంచి చూసింది. ఆమెకి కనబడింది పొద, దాని ముందు నిలబడి పెదవులు కదుపుతున్న భర్త. శనివారం తమ్ముడికి మళ్ళీ ఫోను చేసింది. మీ బావ పొదతో మాట్లాడుతున్నారని చెప్పి ఏడ్చినంత పని చేసింది. తమ్ముడు కాసేపు ఆలోచించి రోగం కనిపెట్టేశాడు. చేద్దామనుకున్న పని చేతకాకపోవడంతో బావ మనసులో అది గుచ్చుకుపోయిందట. ఆ పొద కళ్ళెదుట ఉన్నంతకాలం ఆయన తేరుకోరట. తను వచ్చి దాన్ని మొదలంటా నరికేస్తే తిక్క కుదురుతుందట. బావకి ముందుగా చెప్పొద్దని కూడా అన్నాడు, అభిమానం దెబ్బతింటుందని.

ఆ విధంగా రెండో ఆదివారం ఎనిమిదింటికి ఇద్దరు మనుషులు ఒకేసారి గేటు దగ్గర దిగారు. ఒకరు తోట కత్తెరా గొడ్డలీ పట్టుకున్న బావమరిది. రెండోవారు దుకాణం యజమానురాలు. ఆమె చేతిలో జానెడు నీలం ఉన్ని గుడ్డ నమూనా ముక్కా, మాస్టరు కత్తెరా ఉన్నాయి. రేపు పొద్దున్న పని మొదలవ్వాలి కనుక ఒక్క గీత కత్తిరించి చూపిస్తే చాలంది.

మాస్టరు ఆమెని వరండాలో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. బావమరిది చేతిలో ఏముందో అతను గమనించలేదు. తన చేతిలో ఏముందో చూసుకునే కంగారులో ఉన్నాడు. బ్యాండేజీ విప్పి, గుడ్డ పరిచి, గీత గీశాడు. సుద్ద గీత కూడా వంకర పోయింది. కత్తెర వేళ్ళకి తగిలించుకున్నాడు. మొన బల్ల మీద టకటకమని కొట్టుకుంది. యజమానురాలు తల తిప్పుకుని గోడ మీది క్యాలెండరు చదవసాగింది. ఆ తల తిప్పుకోవడం చూశాక మాస్టరుకి తన బల్ల ముందు ఎదురు వీధి మనిషి వీపు కనబడింది.

అప్పుడు వినబడింది, గేటు వైపు నుంచి, ఆకులు తెగుతున్న చప్పుడు. ఆ వెంటనే పిట్టల గోల.

అతను లేచాడు. చేతిలో కత్తెర ఉందన్న సంగతి కూడా తెలియకుండా మెట్లు దిగాడు. బావమరిది పొదలో సగం అప్పటికే నేలకి దించేశాడు.

"ఆగవోయ్. అక్కడ గూడుంది."

బావమరిది ఆగాడు. ఆగడం కాస్త ఆలస్యమైంది. తెగిన పెద్ద కొమ్మ ఒకటి కింద పడకుండా, దాని రెమ్మలు గూటి ఆకుల కాడల్లో చిక్కుకుని వేలాడుతోంది. బరువుకి గూడు పక్కకి ఒరిగిపోయింది. పైకుట్టు ఒకటి అప్పుడే ఊడింది. సంచి అంచున ఒక పిల్ల మెడ బయటికి వాలి ఉంది.

"కొమ్మని లాగేస్తాను బావా" అన్నాడు బావమరిది.

"లాగితే మొత్తం ఊడొస్తుంది. కొమ్మని కింద చెయ్యేసి మొయ్యి. కదలకు."

బావమరిది మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో కొమ్మని మోశాడు. మాస్టరు వంగి చూశాడు. చిక్కుకున్న రెమ్మలు ఆరు. గూటి కుట్టుకీ వాటికీ మధ్య గింజంత సందు. గుడ్డ కత్తెరతో కాగితం కూడా కత్తిరించకూడదని దుకాణంలో అందరికీ నేర్పినవాడు, ఆ కత్తెర మొనని పచ్చి కొమ్మల మధ్యకి పోనిచ్చాడు. ఒకటి. తల్లి పిట్ట అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. రెండు. మూడు. బయటికి వాలిన పిల్లని చిటికెన వేలితో లోపలికి నెట్టాడు. నాలుగు. అయిదు దగ్గర రెమ్మ కింద దారం ఉంది, రెమ్మ తెగింది గాని దారం తెగలేదు. ఆరోది తెగేసరికి కొమ్మ బావమరిది చేతుల్లోకి మెత్తగా దిగింది. గూడు నిదానంగా నిటారుగా లేచి నిలబడింది.

తల్లి పిట్ట వచ్చి సంచి లోపలికి తొంగి చూసి, పిల్లల్ని లెక్కపెట్టుకుని, పురుగు కోసం వెళ్ళిపోయింది.

బావమరిది ఏమంటాడోనని మాస్టరు ఎదురుచూశాడు. వారం రోజుల భయమంతా ఆ ఒక్క మాట కోసమే. బావమరిది ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"ఎన్నాళ్ళయింది చూసి?" అన్నాడు.

"వారం."

"రెక్కలు రావడానికి ఇంకో పది పట్టొచ్చు. నావి పందొమ్మిది పట్టాయి" అన్నాడు బావమరిది. అతని మొహంలో వెటకారం కోసం మాస్టరు వెతికాడు. దొరకలేదు. పేరు పెట్టేంత తీరిక అందరికీ ఉండదని, తనకి మాత్రమే ఉండేదని అతనికి అప్పుడు తోచింది.

యజమానురాలు దగ్గరికొచ్చి కత్తెర అందుకుంది. దాని అంచుల మీద పచ్చి పసరు అంటుకుని ఉంది. వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూసింది.

"పదును పోయింది మాస్టరు గారూ. రేపు దార్లో సాన పట్టించుకుని రండి. ముప్పై రెండున్నాయి" అని చెప్పి, నీలం గుడ్డ ముక్క మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. గీత కత్తిరించమని మళ్ళీ అడగలేదు.

ఇక మిగిలింది భార్య. ఆమె గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వారం రోజులుగా పెట్టిన బొత్తాలన్నీ ఆమె కళ్ళ ముందు ఒక్కొక్కటిగా కదులుతున్నట్టున్నాయి.

"అంటే ఆ వణుకు అబద్ధమా?"

మాస్టరు తన చేతివైపు చూసుకున్నాడు. అది ఇప్పుడు ఏమీ ఎరగనట్టు పక్కన వేలాడుతోంది. అవునని చెప్పి ఊరుకోవచ్చు, అదే తేలిక. కానీ వారం రోజుల్లో ఒక్కరికి కూడా ఉన్నదున్నట్టు చెప్పలేదన్న సంగతి అతన్ని నిలదీసింది.

"ఆదివారం అబద్ధం. గురువారం నుంచి నిజంగానే వణికింది. ఇందాక లోపల కూడా వణికింది. నాకు చాలా భయం వేసింది" అన్నాడు.

బావమరిది పకపకా నవ్వాడు. బావ ఇంత బాగా కోతలు కోస్తారని ఇన్నాళ్ళూ తెలియదన్నాడు. భార్య నవ్వలేదు. లోపలికి వెళ్ళి చీపురు పట్టుకొచ్చింది.

"చేతులు బాగానే ఉన్నాయిగా. ఆ ఆకులు ఊడ్చెయ్యండి."

మాస్టరు చీపురు అందుకున్నాడు. గూడున్న కొమ్మ కిందికి వెళ్ళకుండా, చుట్టూ రెండడుగులు వదిలి, ఊడవడం మొదలుపెట్టాడు.

అబద్ధానికి వారం రోజుల సెలవు దొరికింది. నిజానికేమో ఆ చీపురు దొరికింది.