అల్లుడి నడుము, మామగారి మడి

ఆ రోజు ఉదయం మిసో చారు గిన్నె ముందు కూర్చోగానే భార్యకు నిజం చెప్పేయాలని కురామొచి అనుకున్నాడు. చెప్పవలసింది ఒక్క మాటే. తాను అన్నం మానేసి ఆరు నెలలైంది.

ఏప్రిల్‌లో ఆఫీసు వైద్య పరీక్షలో నర్సు అతని నడుముకు టేపు చుట్టి, "తొంభై రెండు" అని వరసలో అందరికీ వినబడేలా చదివింది. మగవాళ్ళకు ఎనభై అయిదు సెంటీమీటర్లు హద్దు. డాక్టరు నిట్టూర్చాడు. "అన్నం లోపలికెళ్ళాక చక్కెరే అవుతుందండీ. వాడుకోని చక్కెరని ఒళ్ళు కొవ్వు చేసి దాచుకుంటుంది. రోజంతా కుర్చీలో కూర్చునే మీకు నాలుగు గిన్నెల అన్నం దేనికి చెప్పండి? చేప తినండి, గుడ్డు తినండి, టోఫు తినండి."

కురామొచి పనిచేసేది నీగాతలో వరి రైతుల సంఘం ఆఫీసులో. జనం చేత అన్నం తినిపించడమే అతని ఉద్యోగం. అదైనా ఎలాగో సర్దుకునేవాడు. అసలు చిక్కు ఇంట్లో ఉంది. భార్య మిసావో వండే బియ్యం ఆమె తండ్రి జిన్పాచి పండించినవి. నిరుడు అత్తగారు పోయాక ఆ ముసలాయన పరుపు దిగలేదు. నాట్ల వేళకు మాత్రం, "అల్లుడు తింటాడు కదా," అంటూ లేచి మడిలో దిగాడు.

అందుకని కురామొచి ఇంట్లో అన్నం ముట్టకుండా, "డబ్బాలోనే ఎక్కువ పెట్టు, ఆఫీసులో తింటాను," అన్నాడు. డబ్బా రెండంతస్తులైంది. మధ్యాహ్నం కూరలు తాను తిని, అన్నం ఆఫీసు వెనక కొలనులోని రంగుచేపలకు వేసేవాడు. ఆ చేపలు లావెక్కి ఇప్పుడు వెనక్కి తిరగాలంటే కొలనంతా చుట్టి రావాలి.

"మిసావో, నీకో మాట..."

"ముందు నా మాట వినండి. నాన్న ఫోన్ చేశాడు. మీరు రెండంతస్తులు ఖాళీ చేస్తున్నారని చెప్పానా, వచ్చే ఏడు పక్క మడి కూడా కౌలుకి తీసుకుంటాడట. అమ్మ పోయాక నాన్న నవ్వు వినడం ఇదే మొదలు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంతకీ మీరేదో అనబోయారు?"

"చారు బాగుంది."

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసులో పెద్దాయన ఒగురా అతని బెల్టు వంక చూశాడు. "ఏమయ్యా కురామొచీ, రెండు బెజ్జాలు లోపలికి వెళ్ళావే! ఏం తింటున్నావు?"

బియ్యం అమ్మేవాళ్ళు పాతికమంది తలలెత్తి చూస్తుంటే టోఫు అని ఎలా అంటాడు? "మా ఆవిడ కట్టిన అన్నమేనండీ."

ఒగురా డబ్బా మూత తీశాడు. మెతుకు లేదు. "చూడండయ్యా! అన్నం తింటే లావెక్కుతారని టీవీలో వాగేవాళ్ళకి మన జవాబు ఇదిగో!" అంటూ అందరి ముందూ టేపు తెప్పించి కొలిచాడు. ఎనభై నాలుగు.

వారం తిరిగేసరికి రైలు స్టేషను గోడ మీది పోస్టరులో టేపు చుట్టుకున్న కురామొచి నవ్వుతూ నిలబడ్డాడు. 'రోజుకు ఆరు గిన్నెలు. నడుము ఎనభై నాలుగు.' మామగారు ఆ కాగితం ఒకటి సంపాదించి ఊరంతా చూపించుకున్నాడు. ఒగురాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆదివారం కొత్త బియ్యం పండగలో పండించిన మామా, తిన్న అల్లుడూ వేదిక మీద ఎదురెదురుగా కూర్చుని నాలుగేసి గిన్నెలు తినాలి.

ఆరు నెలల తర్వాత నోట్లో పడ్డ ఆ మొదటి ముద్ద ఎంత రుచిగా ఉందంటే కురామొచికి ఏడుపొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. జిన్పాచి అల్లుడి గిన్నె వంక చూసి రెండోది అందుకున్నాడు. ఆయన అందుకున్నాడు కదా అని అల్లుడు మూడోది అందుకున్నాడు. నాలుగోది ముగుస్తుండగా ముసలాయన ఒళ్ళంతా చెమటలు పట్టి పక్కకు ఒరిగిపోయాడు.

సాయంత్రం ఆసుపత్రి గదిలో జిన్పాచి కళ్ళు తెరిచాడు. మిసావో ఇంటికి వెళ్ళింది.

"అల్లుడూ, దానికి చెప్పకు. నీరసమన్నాను. నాకు షుగరు."

"ఎప్పట్నుంచి మామయ్యా?"

"రెండేళ్ళు. డాక్టరు అన్నం మానెయ్యమన్నాడు. టోఫు తిని బతుకుతున్నా. దరిద్రపు తిండి."

"మరి మడి ఎవరి కోసం?"

"నీ కోసమేనయ్యా. నడుం విరిగిపోతోంది, మోకాళ్ళు వంగట్లేదు. ఎన్నిసార్లు మానేద్దామనుకున్నానో."

కురామొచి గుండె తేలికపడింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మామయ్యా, నిజానికి నేను కూడా..."

"నువ్వు తింటున్నావు కాబట్టి సరిపోయింది," అన్నాడు ముసలాయన పైకప్పు వంక చూస్తూ. "లేకపోతే మీ అత్తయ్య లేని ఇంట్లో పొద్దున్నే లేవడానికి నాకింకేముంది? ఇవాళ నువ్వు తిన్న తీరు చూశాక, ఆ పై మడి కూడా అడుగుదామనుకుంటున్నా. ఏంటి, నువ్వు కూడా?"

"నేను కూడా... నాట్లకి వస్తాను."

"నువ్వా? బురదలోనా?" జిన్పాచి చాలాసేపు నవ్వాడు.

అప్పుడే తలుపు తోసుకుని మిసావో వచ్చింది. చేతిలో రెండంతస్తుల డబ్బా. "ఆసుపత్రి తిండి ఏం సరిపోతుంది మీకు? ఇద్దరికీ వేడివేడిగా అన్నం ముద్దలు చేసి తెచ్చాను. నా ముందే తినండి, చూసి సంతోషిస్తాను."

కురామొచి లేచి కిటికీలోంచి కిందికి చూశాడు.

కొలను లేదు, కార్లు నిలిపే స్థలం మాత్రమే ఉంది.