జబ్బులేని మనిషి అపస్వరాలు

ప్రెయిరీ హార్త్ ఆరోగ్య బీమా కంపెనీ వారికి శాస్త్రమంటే ఎంత గౌరవమంటే, ఏ మందు మీద ఎంత పరిశోధన జరిగినా ఇంకాస్త జరగనిమ్మని ఓపికగా ఎదురుచూస్తారు. సందేహం నుంచే శాస్త్రం పుట్టింది. కంపెనీ వారికి సందేహాల కరువు ఏనాడూ రాలేదు.

ఆ గౌరవం ఒకనాడు తన చేతివేళ్ల దాకా వస్తుందని వెర్నా డీక్‌మన్ ఊహించలేదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో, బేస్‌బాల్ మైదానంలో ఆర్గన్ వాయించేది ఆవిడే. అవతలి జట్టు బంతి విసిరేవాణ్ణి మార్చుకుంటుంటే శవయాత్ర పాట, మనవాడు బంతిని కంచె దాటిస్తే పెళ్లి పాట వాయించి ఏళ్ల తరబడి ఊరిని నవ్వించింది. తర్వాత కీళ్లవాతం వచ్చి వేళ్లు బిగుసుకుపోయాయి. ఒక కొత్త ఇంజెక్షన్ మీద పరిశోధన జరుగుతుంటే అందులో రోగిగా చేరింది. అది వేసినన్నాళ్లూ వేళ్లు హాయిగా ఆడాయి. పరిశోధన ముగిసింది, ఇంజెక్షన్ ఆగింది, వేళ్లు మళ్లీ మొరాయించాయి. ఇక ఆ మందును బీమా కంపెనీ ఇప్పిస్తే ఆర్గన్ ఉంటుంది, లేకపోతే లేదు.

ఏ మందుకు డబ్బివ్వాలో తేల్చే కంపెనీ వారి మందుల సంఘం పరిశోధనలన్నీ శ్రద్ధగా చదివింది. మొదటి దానిలో రోగులు మరీ తక్కువ. రెండో దానిలో మరీ ఎక్కువ, ఆ రద్దీలో ఎవరికి నయమైందో ఎవరు చూడొచ్చారు? మూడోది డెన్మార్క్‌లో జరిగింది, అక్కడ జనం సైకిళ్లు తొక్కుతారు. నాలుగోది మందు తయారుచేసిన వాళ్లే చేయించారు కనుక నమ్మరాదు. చవకైన పాత మాత్ర మీద పరిశోధన కూడా దాని తయారీదారులదే గానీ, వాళ్లంతా ఎప్పుడో కాలం చేశారు కాబట్టి వారిని శంకించడం మర్యాద కాదు.

సంఘం మందు కాదంటే, ఆనవాయితీ ప్రకారం రోగి డాక్టరూ కంపెనీ డాక్టరూ ఫోనులో మాట్లాడుకోవాలి. వెర్నా పక్కనే కూర్చుని వింటుండగా, ఆవిడ డాక్టర్ టిలింగ్‌హాస్ట్ సంఘం అధ్యక్షుడు డాక్టర్ హాగ్లండ్‌కి ఫోన్ చేసింది. ఆయన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. కనుక వేళ్ల విషయంలో ఎలాంటి ముందస్తు అభిప్రాయాలూ లేని మనిషి.

"ముందు పాత మాత్ర వాడాలండీ. అది విఫలమైతేనే ఇంజెక్షన్."

"వాడిందండీ, ఎప్పుడో విఫలమైంది కూడా."

"అప్పుడు ఆవిడ వేరే బీమాలో ఉంది కదా. ఆ వైఫల్యం మా దగ్గర చెల్లదు."

వెర్నా ఉండబట్టలేకపోయింది. "డాక్టరుగారూ, ఆ పరిశోధనలో నేనున్నాను! నాకు తగ్గింది!"

"అదేనమ్మా చిక్కు. రోగికి రోగం తగ్గాలన్న స్వార్థం ఉంటుంది. శాస్త్రానికి ఉండకూడదు."

వెర్నా పాత మాత్ర మింగడం మొదలుపెట్టింది. ఆవిడకు నయం కాకూడదని ఊరంతా మొక్కుకుంది. లూథరన్ చర్చి ఆడవాళ్లు క్యాసరోల్ అనే బంగాళదుంప వంటకం పట్టుకొచ్చి పలకరించారు.

"ఎలా ఉందే వెర్నా? ఇంకా దిగజారలేదా?"

"బొటనవేలు పోయినట్టే ఉందే."

"ఎంత చల్లని కబురు చెప్పావే తల్లీ!"

మర్నాడు 'వైఫల్యానికి అభినందనలు' అని నీలం క్రీముతో రాసిన కేకు వచ్చింది. కొయ్యడానికి వెర్నా కత్తి పట్టలేకపోతే అందరూ ఆనందంగా కేకలు వేశారు.

ఏప్రిల్‌లో ఆటలు మొదలయ్యాయి. మైదానం ఖర్చు ప్రెయిరీ హార్త్ వారిదే కనుక తొలి బంతి విసరడానికి డాక్టర్ హాగ్లండ్ స్వయంగా విచ్చేశారు. వెర్నా జాతీయగీతం ఎత్తుకుంది. రెండో పాదంలోనే పాట దారి తప్పింది. గుండెల మీద చేతులు పెట్టుకున్న జనం కళ్లు చెమర్చాయి. "విఫలమైంది! విఫలమైంది!" అని టోపీలు ఎగరేశారు.

జట్టు మేనేజర్ గస్ హర్లిచ్కా పరుగెత్తుకొచ్చాడు. "విన్నారు కదండీ? చెవుల డాక్టరు కూడానాయె మీరు!"

"విన్నాను. బహు బాధాకరం. కానీ పోలిక ఏదీ? జబ్బులేని మనిషి ఇదే పాట వాయిస్తే ఎలా ఉంటుందో తెలియకుండా, ఈ తప్పులు జబ్బువని ఎలా తేల్చను?"

మాట న్యాయంగానే తోచింది. వెంటనే జబ్బులేని మనిషి కోసం వెతికారు. ఆ ఊళ్లో వెర్నా తప్ప ఆర్గన్ వచ్చిన వాళ్లు లేరు. పిలవగానే వచ్చినవాడు ఆవిడ మరిది డ్వేన్. మొక్కజొన్న విత్తనాలు అమ్ముకుంటాడు, జన్మలో తుమ్మి ఎరుగడు.

"వదినా, ఇందులో నొక్కేవి ఏవి?"

"అన్నీనూ."

డ్వేన్ అన్నీ నొక్కాడు. కప్పు మీది పావురాలు నది దాటి పక్క రాష్ట్రం ఇల్లినాయ్ వెళ్లిపోయాయి. అవతలి జట్టులో బంతి పట్టేవాడు తీసిన ముసుగు మళ్లీ తగిలించుకున్నాడు.

డాక్టర్ హాగ్లండ్ గొంతు సవరించుకున్నారు. "మహాజనులారా! రోగి కొన్నిచోట్ల తప్పింది. ఆరోగ్యవంతుడు ఒక్కచోట కూడా ఒప్పుగా వాయించలేదు. అంటే, కీళ్లవాతం వల్ల సంగీతం మెరుగవుతోంది. ఇంజెక్షన్ ఇస్తే ఈవిడ కూడా ఇతనిలా వాయించే ప్రమాదం ఉంది. ఆ పాపం మా కంపెనీ మూటగట్టుకోలేదు." చప్పట్ల మధ్య తొలి బంతి విసిరారు. అది పక్కకు పోయింది. ఆయనకు ఏ జబ్బూ లేదు.

ఆ వేసవంతా వెర్నా ఆర్గన్ ముందు కూర్చుని ఏడుపు దిగమింగుకుంది. జబ్బు వేళ్ల నుంచి భుజాల దాకా పాకింది.

నవంబర్‌లో, వచ్చే ఏటికి అందరికీ కలిపి ఏ బీమా తీసుకోవాలో తేల్చడానికి మైదానం సిబ్బంది హాట్‌డాగ్‌లు అమ్మే గదిలో కూడారు. అందరి రక్తమూ ఉడికిపోతోంది. టికెట్లు చింపే మార్లిస్ అయితే ప్రెయిరీ హార్త్ పేరెత్తితేనే ఉమ్మేసింది. తర్వాత, ఆ కంపెనీ వారు పంపిన ఉచిత టోపీలు పంచారు. టోపీలు బాగున్నాయి.

"వెర్నాకి అన్యాయమే జరిగింది, కాదనను," అంది మార్లిస్, టోపీ సర్దుకుంటూ. "కానీ ఒక్కళ్లకి జరిగిందని అందరికీ జరుగుతుందా? మనమంతా గుండ్రాళ్లలా ఉన్నాం కదా."

గస్ ఓటు పెట్టాడు. పాత కంపెనీయే కావాలన్నవాళ్ల చేతులు లేచాయి. వద్దన్నవాళ్లను ఎత్తమన్నాడు. వెర్నా ఎత్తబోయింది. చెయ్యి లేవలేదు.

"నేను వద్దంటున్నాను గస్."

"చెయ్యెత్తితేనే లెక్క వెర్నా. రూలు నేను పెట్టింది కాదమ్మా."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. చేతులు పనిచేస్తున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు.