అందరూ ఒక్కసారే వచ్చారు

తెల్లవారేసరికి కృష్ణవేణమ్మ సంచి సర్దేసింది. రొమ్ములో గడ్డకు కర్నూలులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో పరీక్షలు చేయించుకుని, వారం తిరక్కుండా వేంపల్లెకు వచ్చేయాలని ఆమె అనుకుంది.

"దుప్పటి గూడా పెట్టుకోవే, సలి" అన్నాడు మొగుడు తిమ్మయ్య.

"దుప్పటి పెట్టుకుంటే శానా దినాలు ఉండల్ల. వద్దు."

ఆసుపత్రిలో మొదట ధైర్యంగానే ఉంది. కోసే డాక్టరు ఒక పూట వచ్చేవాడు, మందులెక్కించే డాక్టరమ్మ ఇంకో పూట. ఒక ఉదయం మాత్రం వాళ్ళిద్దరూ, గడ్డకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టే డాక్టరు, తిండి సంగతి చెప్పే అమ్మాయి, నర్సు క్రిస్టినా ఒక్కసారే వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. గొంతులు తగ్గించి ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. కోసే డాక్టరు తిమ్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపు పొద్దున మీ ఇంట్లోవాళ్ళను పిలిపించండి. అందరం కూర్చుని మాట్లాడదాం."

కృష్ణవేణమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. ఆమె అత్త పోయిన రోజూ ఇంతే. అన్నాళ్ళూ తొంగిచూడని డాక్టర్లందరూ ఒక్కసారే మంచం చుట్టూ చేరి, ఇంట్లోవాళ్ళను పిలవమన్నారు. పొద్దుగుంకేసరికి అత్త లేదు.

తిమ్మయ్యకూ అదే గుర్తొచ్చింది. వరండాలోకి పోయి కొడుకు శివశంకర్‌కు ఫోన్ చేసి, "మీ యమ్మకాడికి డాక్టర్లందరూ ఒకేపారి వచ్చినార్రా" అన్నాడు. అంతే చెప్పి ఫోన్ పెట్టేశాడు. కబురు వేంపల్లె దాటేసరికి "ఇంకొక పూట" అయింది. ఆమె పుట్టింటికి చేరేసరికి "అయిపోయింది" అయింది.

మర్నాడు ఆమె కళ్ళు తెరిచేసరికి వార్డులో చప్పుడు లేదు. మంచం చుట్టూ మనుషులు. వదినలు, చిన్నమామ, ఎప్పుడో చూసిన మేనత్త. ఎవరూ మాట్లాడరు, రెప్ప వేయరు. తను వాళ్ళను చూస్తోంది గాని, వాళ్ళు తనను చూస్తున్నట్టు లేదు. కాళ్ళ దగ్గర, పొలం గట్టు తగాదా నాటి నుంచి మాటల్లేని అన్న గోపన్న నిలబడి ఉన్నాడు. అతని చేతుల్లో కొత్త చీర, పసుపు, కుంకుమ. ముత్తయిదువ పోతే పుట్టింటివాళ్ళు ఆఖరున తెచ్చే చీర అది.

'పోయినట్టుండానే' అనుకుంది. కాలి బొటనవేలు కదిలించి చూసింది. కదిలింది. అయినా నమ్మకం కుదరలేదు.

అంతలో క్రిస్టినా వచ్చింది. గుంపునూ చీరనూ చూసి, రోగికి ఏదో అయిందని పరుగెత్తింది. మరుక్షణం డాక్టర్లందరూ పరుగున వచ్చారు. మళ్ళీ ఒక్కసారే వచ్చేసరికి మేనత్త ఘొల్లుమంది. మిగతావాళ్ళు అందుకున్నారు. పక్క మంచం విశ్వాసమ్మ లేచి మోకాళ్ళ మీద ప్రార్థన మొదలుపెట్టింది.

కృష్ణవేణమ్మ లేచి కూర్చుంది.

"ఎవురు సచ్చినారే?"

ఏడుపు తెగిపోయింది. మేనత్త గోడకు అతుక్కుపోయింది.

"ఎవరూ చావలేదమ్మా!" అన్నాడు కోసే డాక్టరు. "ఒక్కొక్కరం ఒక్కో మాట చెబితే బెదురుతారని, అందరం కలిసి ఒకే మాట అనుకుని వచ్చాం. ముందు మందులతో గడ్డను చిన్నది చేస్తాం. తర్వాత ఆపరేషన్, ఆపైన కరెంటు. బాగయ్యే గడ్డే ఇది."

"ఒక్కొక్కరే వచ్చింటే బెదిరేదాన్ని కాదు సామీ."

తిమ్మయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇంటిముందర షామియానా ఏపించినానే..."

"సావుకు పలకలు కొట్టేటోళ్ళకు గూడా చెప్పినావా?"

"చెప్పినా."

"కాఫీ తెమ్మంటే మటుకు నీకు మోకాళ్ళ నొప్పులు!"

గోపన్న చీరను వీపు వెనక దాచాడు. "అమ్మీ, దీన్ని ఎనక్కి కొండబోదునా?"

"అట్లాటి చీర తెచ్చినింటికి కొండబోగూడదన్నా. ఈడ పెట్టు. రంగు బాగుండాది."

గోపన్న మంచం అంచున కూర్చుని, ఏళ్ళ తర్వాత చెల్లెలి ముందు నవ్వాడు. మధ్యాహ్నం చుట్టాలు వచ్చిన జీపులన్నీ వెళ్ళిపోయాయి.

మందులు, ఆపరేషన్, కరెంటు అన్నీ ముగించుకుని కృష్ణవేణమ్మ మరుసటి ఉగాదికల్లా వేంపల్లె చేరింది. చెల్లెలికి ఆఖరి చీర తెచ్చిన గోపన్న మాత్రం అంతకుముందు కార్తీకంలో శ్రీశైలం పోయి, అక్కడే కన్నుమూశాడు, తిరిగి రాలేదు.